మేనత్త తీసిన జతలు

పోయిన శనివారం సాయంత్రం మా అమ్మాయి గది ముందు నుంచి పోతూ పోతూ ఆగిపోయాను. మంచం మీద ముగ్గురు ఆడపిల్లలు వెల్లకిలా పడుకొని ఉన్నారు. ఒక్క క్షణమే. కళ్లద్దాలు ముక్కు మీదికి తోసుకొని చూస్తే మనుషులు కారు, బట్టలు. పైన కుర్తా, కింద ప్యాంటు, మెడ ఉండాల్సిన చోట చున్నీ, ముఖం ఉండాల్సిన చోట నల్ల కళ్లద్దాలు, కాళ్ల దగ్గర చెప్పులు. మనిషి ఒక్కటే తక్కువగా మూడు జతలు. మర్నాడు ఆఫీసు స్నేహితురాళ్లతో అనంతగిరి గుట్టలకు పోయి పొద్దుగూకేలోపు తిరిగి రావాలట, దానికి ఈ ఏర్పాటు. స్టూలెక్కి పైనుంచి ఫోన్లో ఫొటోలు తీస్తోంది. వాటిని గ్రూపులో పెడితే ఎవరు ఏ రంగు వేసుకోవాలో నలుగురూ కలిసి తేలుస్తారట. "అమ్మా, జర జరుగు, లైటుకు అడ్డమొస్తున్నవ్" అంది. నేను జరగలేదు. "బట్టలను మంచం మీద గట్ల మనిషి లెక్క పరవకు" అన్నాను. అవసరానికి మించిన గొంతుతోనే అన్నట్టున్నాను, పిల్ల స్టూలు మీద నుంచి వంగి నా ముఖం చూసింది. ఎందుకు పరవకూడదంటే ఏం చెప్పను? ఇస్త్రీ పోతుందని చెప్పి వంటింట్లోకి వచ్చి, గిన్నె పెట్టకుండానే పొయ్యి వెలిగించుకొని నిలబడ్డాను.

అసలు సంగతి చెప్పాలంటే మా మేనత్త నుంచి మొదలుపెట్టాలి. అప్పుడు మేము నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. ఇంజను కూత పెడితే మా అల్మారాలో గ్లాసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి. బాపు ఉస్మాన్‌గంజ్‌లో ఒక మిర్చి వ్యాపారి దగ్గర గుమాస్తా. ఆయన అంగీని ఎన్ని నీళ్లలో జాడించినా ఘాటు పోయేది కాదు. బస్సులో ఆయన పక్కన కూర్చున్నవాడు రెండు స్టాపులు తుమ్మి, మూడో స్టాపులో లేచి నిలబడేవాడు. మాకు మాత్రం సీటు ఖాళీ అయిందని సంతోషం. ఆ బాపుకు ఒక్కతే చెల్లెలు మా అత్త. పద్దెనిమిదేళ్లకు పెళ్లి చేస్తే, ఇరవయ్యొకటో ఏట ఆ మహానుభావుడు "నాలుగు రోజులుండి రా" అని చెప్పి మా గుమ్మంలో దించిపోయాడు. ఆ నాలుగు రోజులు ఆమె బతికినన్నాళ్లూ అయిపోలేదు. ఆరు నెలలు ఏడ్చి, ఏడవ నెలలో ముఖం కడుక్కొని, ఆబిడ్స్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో పనికి చేరింది. చీరలకు జాకెట్ గుడ్డలు, లోపలి లంగాలు, ఫాల్స్ రంగు కలిపి ఇచ్చే దుకాణం అది. బాపుకు అసలు ఇష్టం లేదు. కానీ ఇంట్లో తినే నోళ్లు ఆరు, ఇష్టాయిష్టాలు చూసుకునే తాహతు మాకెక్కడిది?

అత్తకు రంగుల పిచ్చి అంటారు మా వాళ్లు, నేను రంగుల చదువు అంటాను. మనకు ఎరుపంటే ఎరుపు. ఆమెకు కుంకుమ వేరు, దానిమ్మగింజ వేరు, ఇటుక వేరు, బాపు అమ్మే మిర్చిలోనే పాతది వేరు, కొత్తది వేరు. చీర తెచ్చినామె గులాబీ రంగు జాకెట్ గుడ్డ అడిగితే, అత్త ఆ చీర కొంగు పట్టుకొని ఆమెను దుకాణం మెట్ల మీదికి నడిపించేది. "ట్యూబ్‌లైటు కింద అన్నీ మంచిగనే కనబడ్తయ్. ఎండల జూసి చెప్పు" అనేది. ఆ ఎండలో నిలబడి ఆబిడ్స్ రోడ్డు మీద పోయే ఆడవాళ్లందరినీ ఒక చూపు చూసి, తప్పులు లెక్కపెట్టుకొని, సాయంత్రం ఇంటికొచ్చి చెప్పేది. ఫలానా ఆమె చీర పట్టుదే గాని లోపలి లంగా రంగు రెండు మెట్లు తక్కువుందనీ, పాపం ఆమెకు చెప్పేవాళ్లు లేరనీ తెగ బాధపడేది. తన కాపురం గురించి అంత బాధపడటం నేను చూడలేదు.

ఆదివారం ఎక్కడికైనా పోవాలంటే శనివారం దీపాలు పెట్టే వేళకే ఇంట్లో జతలు తీయడం మొదలయ్యేది. ముందు గదిలో నవారు మంచం మీద దుప్పటి దులిపి పరిచి, ట్రంకుపెట్టె తెరిచి, ఆరుగురి బట్టలనూ వయసు వరుసలో పక్కపక్కనే పరిచేది. బాపు అంగీ, పైజామా. అమ్మ చీర, జాకెట్. తరువాత అత్తది. అక్క లంగా ఓణీ, ఆ పక్కన నాది, చివర తమ్ముడి అంగీ, నిక్కరు. ప్రతి జత పక్కనా ఒక చేతిరుమాలు, రెండు పిన్నీసులు. మా ఇంటికి కొత్త బట్టలు దసరాకొకసారి వచ్చేవి కాబట్టి ఇదంతా ఉన్నవాటితో చేసే విద్యే. అమ్మ పాత చీర అంచు నా లంగాకు వచ్చేది, ఆ లంగా పొట్టిదైతే అడుగున ఇంకో రంగు పట్టీ పడి ఫ్యాషన్ అనిపించుకునేది. పోయే చోటును బట్టి నియమాలుండేవి. గోల్కొండకైతే కుచ్చిళ్లు చీలమండ పైకి, మెట్లెక్కాలి గనక. గండిపేటకైతే పలచని బట్ట కూడదు, నీళ్లు చిందితే పరువు పోతుంది. మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం తినే రోజైతే తమ్ముడికి మామిడిపండు రంగు అంగీ తప్ప గతి లేదు, కారినా అందులోనే కలిసిపోతుందని. ఒకసారి తీసిన జతను మార్చడానికి వీల్లేదు. మార్చమని అడిగితే, "బుద్ధి మార్చుకో, బట్టలెందుకు" అనేది.

అన్నిటికంటే పెద్ద నియమం ఒకటుంది. ఏ ఇద్దరి రంగూ కలవకూడదు. ఐదేళ్లప్పుడు నేను నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో తప్పిపోయాను. తెల్లగౌను వేసుకొని ఉన్నాను, ఆ జనంలో తెల్లగౌను పిల్లలు ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి. అత్త ముగ్గురు పరాయి పిల్లల్ని భుజం పట్టి తిప్పి చూసి, ముగ్గురు పరాయి తల్లులతో తిట్లు తిని, నాలుగో పిల్లగా నన్ను పట్టుకుంది. అప్పటి నుంచి మా ఇంట్లో తలలు లెక్కపెట్టడం పోయి రంగులు లెక్కపెట్టడం వచ్చింది. బయల్దేరేముందు అందరినీ గుమ్మంలో నిలబెట్టి, బడిలో హాజరు తీసినట్టు పైకి చదివేది. అన్న బిస్కెట్ రంగు, వదిన నెమలికంఠం, పెద్దది ఇది, చిన్నది అది, పోరడు మామిడిపండు. పేర్లు ఉండవు, రంగులే. పోయిన చోట మేము ఆడుకుంటుంటే తను దుప్పటి మీద సంచుల దగ్గర కూర్చొని మధ్య మధ్యలో తలెత్తి చూసేది. దూరంగా ఒక రంగు కనబడగానే కుడిచెయ్యి కొంచెం పైకెత్తేది. చూశాను, నీ లెక్క అయింది, పోయి ఆడుకో అని దానర్థం. ఆ చెయ్యి చూస్తే చాలు, మాకు ఎంత జనంలోనైనా ధైర్యం.

మాకు ఎక్కువగా దొరికేది పబ్లిక్ గార్డెనే. ఇంటి నుంచి నడిచిపోవచ్చు, బాపు పక్కన ఎవరూ తుమ్మరు. పెద్దవాళ్లు దాన్ని బాగేఆం అనేవాళ్లు. అక్కడి మ్యూజియంలో గుడ్డలు చుట్టిన ఈజిప్టు పిల్ల శవం ఉంటుంది, ఇప్పటికీ ఉంది. తమ్ముడు దాన్ని చూసి జడుసుకుంటే, అత్త మాత్రం అద్దానికి ముక్కు ఆనించి గుడ్డ నేత చూసేది. "ఎన్నేండ్లాయె, ఇంక వట్టి గుడ్డలనే జూడవట్టిరి. పోరి మొఖం ఎట్లుండెనో ఎవలకెరుక" అంది ఒకసారి. మేమంతా నవ్వాం. అక్క నవ్విందో లేదో నాకు జ్ఞాపకం లేదు.

అక్క నాకంటే ఐదేళ్లు పెద్ద. ఇంటర్ అయ్యాక ఆబిడ్స్‌లో టైపు నేర్చుకునేది. అన్నం తింటున్నప్పుడు కూడా ఎడమచేతి వేళ్లు పీట మీద టకటకలాడేవి. ఇరవయ్యేళ్లు నిండగానే ఆమె లగ్గం ఖాయం చేశారు, మా మామతోనే, అంటే అమ్మ తమ్ముడితోనే. ఆయనది చాదర్‌ఘాట్‌లో సైకిళ్ల దుకాణం. భార్య పోయింది, ఇద్దరు పిల్లలు, అక్క కంటే పదిహేనేళ్లు పెద్ద. చెడ్డవాడు కాదు, అది నేను ఒప్పుకుంటాను. కానీ అక్క వద్దంది. ఒకసారి మెల్లగా అంది, రెండోసారి ఏడుస్తూ అంది, మూడోసారి అనడం మానేసి ఊరుకుంది. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే మా ఇళ్లల్లో. "ఇంటి పిల్ల ఇంట్లనే ఉంటది, ఇంకేం గావాలె" అనేవాడు బాపు. అత్త ఒక్కసారి అడ్డుపడింది. జర ఆలోచించమని అన్నను అడిగింది. "నీ సంసారం ఎంత సక్కగున్నదో సూసినం గద" అన్నాడాయన, తినే అన్నం మీద నుంచి తలెత్తకుండానే. అత్త లేచింది. కంచాలు తీసి కడిగింది. ముహూర్తానికి మూడు వారాలుందనగా, లగ్గం ముందు పిల్లలందరినీ ఒక్కసారి బాగేఆంకు తీసుకుపోదామని ఆమే అంటే, పంతం వదిలిందని బాపు సంతోషించాడు.

ఆ శనివారం అత్త తీసిన జతల్లో అక్కకు చిలకపచ్చ ఓణీ వచ్చింది, నాకు వంకాయ రంగు. ఆ చిలకపచ్చ ఓణీ మీద నాకు ఎన్నాళ్ల నుంచో కన్ను. దూరం నుంచి కూడా కొట్టొచ్చినట్టు కనబడే రంగు. పదిహేనేళ్ల పిల్లకు అంతకంటే ఏం కావాలి? ఒక్కసారి నాకియ్యమని బతిమాలాను. అత్త ఎప్పటిలాగే వినలేదు. నీకు ఆ రంగు నప్పదు, నల్లగా కనబడతావు పొమ్మంది. ముఖం ముడుచుకొని అన్నం మానేశాను. ఎవరూ బతిమాలకపోయేసరికి కాసేపటికి నేనే లేచి తిన్నాను. మంచం మీద ఆరు జతలు వరుసగా పడుకొని ఉన్నాయి. ఆ వరుసలో అక్క జత పక్కన నా జత, ఓణీల కొంగులు ఒకదానికొకటి తగులుతూ. ఆ మంచం ఇప్పటికీ నా కళ్ల ముందు నుంచి పోదు.

మర్నాడు పులిహోర, పెరుగన్నం కట్టుకొని పోయాం. తిన్నాక బాపు ముఖం మీద పేపరు కప్పుకొని పడుకున్నాడు, అమ్మ తమ్ముడిని ఊయల దగ్గరికి తీసుకుపోయింది. అత్త దుప్పటి మీద కూర్చుంది. అక్క నన్ను మ్యూజియం వెనక ఆడవాళ్ల బాత్రూముల వైపు తీసుకుపోయి, తన ఓణీ తీసి నా చేతిలో పెట్టింది. "అత్తను జర ఆడిపిద్దాం. జరసేపు నాది కప్పుకొని గాడ తిరుగు, జరసేపు నీది కప్పుకొని గీడ తిరుగు. అత్తకు ఇద్దరం ఉన్నట్టే కనబడాలె. పట్టుకుంటదో లేదో సూద్దాం" అంది. నాకు ఇంతకంటే మంచి ఆట ఏముంది? చిలకపచ్చ ఓణీ భుజం మీద వేసుకొని, మ్యూజియం కిటికీ అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. ముందు నుంచి చూసుకున్నాను, పక్కకు తిరిగి చూసుకున్నాను. నా వెనక అక్క చేతిసంచిలోంచి ఏదో బట్ట తీసి కట్టుకుంటున్నట్టు చప్పుడు వినబడింది. "పోతున్న" అంది. నేను ఊఁ అన్నాను. తల తిప్పలేదు. అత్త చెప్పింది నిజమేనా, నల్లగా కనబడుతున్నానా అని చూసుకుంటూ ఉన్నాను. ఇది జరిగి నలభై మూడేళ్లయింది, ఆ అద్దంలో నా ముఖం నాకు ఇప్పటికీ రోత.

గంటన్నర ఆడాను ఆ ఆట. గులాబీ మడుల దగ్గర పచ్చరంగులో తిరిగి, చెట్ల వెనక ఓణీ మార్చి, కొలను పక్కన వంకాయ రంగులో తేలేదాన్ని. దూరం నుంచి అత్త ప్రతిసారీ చెయ్యెత్తేది. పచ్చకు ఒకసారి, వంకాయకు ఒకసారి. నాకు నవ్వాగేది కాదు. రంగుల చదువు చదివినామెను పదిహేనేళ్ల దాన్ని నేను పడగొట్టానని ఎంత గర్వమో. మధ్యలో పక్క స్టేషన్ నుంచి బొంబాయి బండి కూత పెట్టింది, అదీ విన్నాను. నాలుగింటికి బాపు లేచి పదండి అన్నాడు. అక్క బాత్రూముల దగ్గర లేదు. మ్యూజియంలో లేదు. కొలను దగ్గర లేదు. అప్పుడు గాని అది ఆట కాదని నాకు తెలియలేదు. చిలకపచ్చ ఓణీని చుట్టచుట్టి బుట్టలో టిఫిన్ గిన్నెల కిందికి తోసేశాను. చీకటి పడుతుండగా ఠాణాకు పోయాం. పిల్ల ఏం బట్టల మీద ఉందని అడిగారు. బాపు అత్త వైపు చూశాడు. "చిలకపచ్చ ఓణీ, గోధుమరంగు లంగా" అంది అత్త, తడుముకోకుండా. బుట్ట నా చేతిలోనే ఉంది. నోరు తెరవలేదు నేను. నాంపల్లి, కాచిగూడ, సికింద్రాబాద్ ప్లాట్‌ఫారాల మీద వారం రోజులు చిలకపచ్చ ఓణీ కోసం వెతికారు. ఆ ఓణీ మర్నాటికి బుట్టలో కూడా లేదు. ఎవరు తీశారో తెలియదు, అడిగే దమ్ము నాకు లేదు.

టైపు నేర్చుకునే చోట ఎవరో అబ్బాయి ఉంటాడని అందరూ అనుకున్నారు. ఉన్న ఇద్దరు అబ్బాయిలూ సోమవారం పొద్దున్నే వచ్చి బుద్ధిగా టైపు కొట్టుకుంటున్నారట. అక్క గురించి ఏ కబురూ లేదు, ఉత్తరమూ లేదు. మొత్తం పాపం అత్త నెత్తిన పడింది. కూర్చొని కాపలా కాసింది ఆమె, రంగులన్నీ ఉన్నాయని చెయ్యెత్తింది ఆమె. "నీ లెక్కలే నా కొంప ముంచినయ్" అని అమ్మ రోజూ అనేది, పప్పులో ఉప్పు ఎక్కువైనా అదే అనేది. బాపు అయితే చెల్లెలితో మాట్లాడటమే మానేశాడు, ఏదైనా చెప్పాలంటే గోడకు చెప్పేవాడు. నేను ఒక్క మాట చెబితే ఆ పాపంలో సగం దిగిపోయేది. రేపు చెబుదామనుకున్నాను, ఆ రేపటికి పెళ్లయింది, ఉద్యోగం వచ్చింది, పిల్ల పుట్టింది. పిరికిదాన్ని, అంతే, దానికి ఇంకో పేరు లేదు. అత్త మళ్లీ జతలు తీయలేదు. మేమూ ఎక్కడికీ పోలేదు. నవారు మంచం మీద ఎవరైనా చీర మడతపెట్టడానికి పరిచినా అత్త లేచి బయటికి పోయేది. దుకాణం మాత్రం మానలేదు. ఎక్కువ జీతం ఇస్తామని పక్క దుకాణాల వాళ్లు పిలిచినా పోలేదు, మోకాళ్లు పోయినా స్టూలు మీద కూర్చొని పని చేసింది. చివరికి ఆ దుకాణం ఎత్తేసి ఫోన్లు అమ్మే కొట్టు పెట్టినప్పుడు, ఆ కొత్తవాళ్ల దగ్గరికి కూడా పోయి ఏదో చెప్పి వచ్చింది. అమ్మా బాపూ పోయాక నేనే ఆమెను మా ఇంటికి తెచ్చుకున్నాను. సేవ చేసి పాపం తీర్చుకుందామని నా ఎత్తు.

ఇక నా సంగతి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు, బట్టలు పరిచి అమ్మే జనంలో ఎక్కడ చిలకపచ్చ కనబడ్డా నా కాళ్లు అటు పోతాయి. ఒకసారి ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి మరీ ఒకామె వెనక మొజంజాహీ మార్కెట్ దాకా నడిచాను. నడక అచ్చం అక్కదే, చెయ్యి ఊపడం అక్కదే. ఆమె పండ్ల దుకాణం దగ్గర ఆగి వెనక్కి తిరిగితే, ఇరవయ్యేళ్ల పిల్ల. అప్పటికి అక్క ఉంటే నలభై దాటాలి. "ఏంది ఆంటీ, ఏమన్న గావాల్నా?" అని అడిగింది. ఏమీ వద్దని చెప్పి, చేతికి దొరికిన అరడజను సంత్రాలు కొనుక్కొని ఇంటికొచ్చాను. అత్త ఒక తొన ఒలుస్తూ, ఇవాళ ఆఫీసు లేదా అని అడిగి, నా ముఖం చూసి ఆ తొన నా చేతిలో పెట్టింది.

నాలుగేళ్ల కిందట అత్తకు గుండె నీరసించి దవాఖానలో పెట్టాం. మధ్యాహ్నం పూట, వార్డులో అందరూ కునుకు తీస్తున్నారు. ఇక ఆగితే చెప్పడానికి మనిషి ఉండదనిపించి, మంచం పక్క స్టూలు మీద కూర్చొని మొత్తం చెప్పేశాను. ఓణీ, ఆట, బుట్ట, అన్నీ. చెబుతున్నంతసేపూ పైన తిరిగే ఫ్యాను వైపే చూసింది. అయిపోయాక, "ఔ. నాకెరుకే. గిన్నెల కిందికెల్లి ఓణీ తీసి పొయ్యిల వెట్టింది నేనే" అంది. ఓణీ ఎక్కడుందో తెలిసీ ఠాణాలో ఆ రంగు ఎందుకు చెప్పావని అడిగాను.

"గా రంగు వెతుకుతుంటె దాన్ని వెతకరు గద బిడ్డా." కాసేపు ఊపిరి పీల్చుకుంది. "నేను తీసింది ఆరు జతలు గాదు. ఏడు. ఏడోది ఒక చీర, దుకాణంల దాచి పెట్టిన. ఎనిమిది దినాలు వెతికిన దానికోసం. మట్టి రంగు గాదు, బూడిద రంగు గాదు, నడుమది. అంచు లేదు, మెరుపు లేదు. అంచుంటె కన్ను పడ్తది. జాకిట్ గూడ గదే తీరు. రోడ్డు మీద ఎవ్వరు తిరిగి సూడొద్దని తీసిన."

నాతో ఆ ఓణీల ఆట ఆడించమని అక్కకు చెప్పింది కూడా ఈమేనట. టైపు నేర్చుకున్న చోట అక్క దోస్తు ఒకతి పెళ్లయి బొంబాయి బండి దారిలో ఉండే షోలాపూర్ పోయింది, అక్కడ ఒక మిల్లు ఆఫీసులో పని చూస్తానంది. చేరగానే దుకాణం చిరునామాకు కార్డు ముక్క రాయమని అత్త చెప్పి పంపింది. ఆ కార్డు కోసమే అన్నేళ్లు ఆ స్టూలు వదల్లేదు. రెండేళ్లు చూసి, తుల్జాపూర్ భవానీకి మొక్కుందని చెప్పి షోలాపూర్ పోయి ఆ దోస్తు ఇల్లు పట్టుకుందట. "రాలేదన్నది గా పిల్ల. నిజంగ రాలేదో, వచ్చి, చెప్పొద్దని ఒట్టు వెట్టిందో నాకెరుక కాలె. బస్సుల కూసొని ఏడ్సుకుంట వచ్చిన. గంత మంచిగ దాచిన బిడ్డా. నాగ్గూడ దొరకకుంట దాచిన."

నాకు జాలి ముందు రాలేదు, కోపం వచ్చింది. పట్టుకున్న చెయ్యి వదిలేశాను. నాకు ఒక్క మాట చెబితే ఏం పోయేదని అడిగాను, వార్డులో ఇద్దరు కళ్లు తెరిచి చూశారు. "పదిహేనేండ్ల పోరివి. మీ బాపు ఒక్కటి కొడితె కక్కేటిదానివి" అంది. అది నిజం కాబట్టి ఇంకా మండింది. "గట్లని నువ్వు నోరు ఇప్పకుంటె, అక్క నీకు గూడ చెప్పి పోయిందేమో, దానికోసమే దాస్తున్నవేమో అనుకున్న. ఇయ్యాల్టిదాక గదే అనుకున్న" అంది. ఒకే ఇంట్లో, ఒకే పప్పు గిన్నెలోంచి వడ్డించుకొని తింటూ, ఇద్దరం ఇన్నేళ్లు ఒకరి ముందు ఒకరం దొంగల్లా బతికాం. ఆ కోపం దిగడానికి కాసేపు పట్టింది. దిగాక మళ్లీ చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు ఆమె నా వైపు తిరిగి, చాలా మెల్లగా అడిగింది.

"ఒక్కటి చెప్పు. నేను దాన్ని గా చీరల సూడనే లేదు. నువ్వు గాడనే ఉంటివి గద. మంచిగ కట్టుకున్నదా? కుచ్చిళ్లు సక్కగ వచ్చినయా?"

ఆ చీరలో అక్కను చూడగలిగిన మనిషి ఈ లోకంలో నేనొక్కదాన్నే. చూడలేదు. వెనక మూడడుగుల దూరంలో బట్ట చప్పుడు వినబడుతుంటే, పోతున్నానని ఆమె చెబుతుంటే, అద్దంలో నా రంగు చూసుకుంటూ నిలబడ్డాను. ఒక్కసారి తల తిప్పి ఉంటే ఈ ముసలామెకు ఇవ్వడానికి నా దగ్గర ఒక మనిషి ఉండేది.

"మంచిగ కట్టుకున్నది అత్తా" అన్నాను. "కుచ్చిళ్లు సక్కగ వచ్చినయ్. ఎవ్వరు తిరిగి సూడలె."

అత్త కళ్లు మూసుకొని తృప్తిగా తలూపింది. నాలుగో రోజు పోయింది.

అక్క ఎక్కడైనా ఉంటే ఇప్పుడు ఆమెకు అరవై మూడు. జుట్టు నెరిసి ఉంటుంది, ఒళ్లు చేసి ఉంటుంది, మోకాళ్లు నొప్పి పెట్టి మెట్ల దగ్గర ఆగుతూ ఉంటుంది. ఆబిడ్స్‌లో నా భుజం రాసుకుంటూ పోయినా నేను గుర్తుపట్టను, ఎందుకంటే నేను ఇప్పటికీ వెతికేది ఆ ఇరవయ్యేళ్ల పిల్లను, ఆ పిల్లేమో ఎక్కడున్నా ఇప్పుడు లేదు. అత్త అక్కను దాచింది ఒక్క మధ్యాహ్నం మాత్రమే, ఆ తర్వాత దాచిందంతా కాలమే.